రేకు డబ్బా మీది నంబరు

జూన్ 9

మామయ్యకు నమస్కారాలు.

ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఈ వారం రోజుల్లో ఏడు కంప్యూటర్ షాపులు తిరిగాను. ఏడింట్లోనూ నాకు దొరికింది ఒక్కటే, రోత.

సంగతి మొదటి నుంచీ చెబుతాను. మా చెవిటి పిల్లల బడిలో పదో తరగతిలో పన్నెండు మంది ఉన్నారు. పోయినేడు ఆ తరగతిలో సైన్సు గట్టెక్కింది ఒక్కరే. పోయినేడు వేసినట్టే ఈసారి కూడా ఆగస్టు మొదటి సోమవారం నుంచి టీవీలో సైన్సు పాఠాలు వేస్తారట. ఒక్కో పాఠం ఒక్కసారే. మా పిల్లలకు బొమ్మ కనిపిస్తుంది గానీ మాట వినపడదు. పెదవులు చూసి పోల్చుకుందామంటే, ఆ పాఠం చెప్పే ఆయన ఎప్పుడు చూసినా బోర్డు వైపు తిరిగే ఉంటాడు. అందుకని హెడ్మిస్ట్రెస్ గారికి నేను మాటిచ్చాను. పాఠాన్ని కంప్యూటర్లోకి రికార్డు చేసి, బొమ్మ కింద మాటలు రాసి, మర్నాడు పిల్లలకు చూపిస్తానని. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "చెయ్యలేకపోతే ఇప్పుడే చెప్పు, ఆ పిల్లలకు ఆశ పెట్టి మానెయ్యకు" అన్నారు. చేస్తానన్నాను. పిల్లలకు కూడా చెప్పేశారు.

దానికి టీవీ ట్యూనర్ కార్డు కావాలి. కంప్యూటర్ లోపల పెడితే అది టీవీలా స్టేషన్లు పట్టుకుంటుంది. ఇక్కడే చిక్కు. మా కంప్యూటర్లలో ఉన్నది లినక్స్. కంప్యూటర్‌ను లోపలుండి నడిపే తెలివి అనుకో. దీన్ని ఎవరూ అమ్మరు, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి ఊరికే ఇచ్చారు. మాకు విరాళంగా వచ్చిన ముసలి యంత్రాలు దీన్ని తప్ప మరోదాన్ని మోయలేవు. కార్డులు చేసేవాళ్లు మాత్రం లినక్స్ అనేది ఒకటుందన్న సంగతే ఎరగనట్టు ఉంటారు.

మొదటి షాపాయన "మీ వారికా అమ్మా?" అన్నాడు. రెండో ఆయన లినక్స్ ఏ కంపెనీ అని అడిగాడు. మూడో ఆయన "అన్నిట్లోనూ పనిచేస్తుంది, నా పూచీ" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. లినక్స్ వాడేవాళ్లు రాసిపెట్టుకున్న జాబితాలో ఆ కార్డు పేరు మంచి వరసలోనే ఉంది. కొన్నాను. పెట్టాను. నీలం తెర తప్ప ఏమీ రాలేదు. ఆరా తీస్తే తెలిసింది, కంపెనీ వాళ్లు పెట్టె మార్చకుండా, పేరు మార్చకుండా, లోపలి పేగులు మాత్రం మార్చేశారట. పెట్టె మీద ఓ కుటుంబం సోఫాలో కూర్చుని నవ్వుతూ ఉంటుంది. ఆ పెట్టెను గోడ వైపు తిప్పి పెట్టాను. సీలు తీశారు కాబట్టి వెనక్కి తీసుకోనన్నాడు గుండె మీద చెయ్యి వేసుకున్న ఆయన.

మీ ఊళ్లో పాత సామాన్ల బజారు ఉంది కదా. పాత సరుకులో పాత పేగుల కార్డు దొరకొచ్చు. దొరికితే పెట్టె మీది మాటలు నమ్మకు. కార్డు మీద రేకు డబ్బా ఉంటుంది. నువ్వు టీవీల్లో మార్చే ట్యూనరే అది. కార్డు మీది నల్ల ఐసీ చిప్పు పేరు కంప్యూటర్ తనే కనిపెట్టుకుంటుంది. ఆ రేకు డబ్బా ఏ రకమో మాత్రం మనమే దానికి చెప్పాలి. కాబట్టి డబ్బా మీది చీటీ చూసి నంబరు రాసి పంపు. మా ఆఫీసు ఫోను గుమాస్తా బల్ల మీద ఉంటుంది, మూడో మాటకే ఆయన గడియారం చూస్తాడు. ఉత్తరమే రాయి.

అత్తయ్యకు నా నమస్కారాలు. అమ్మకు ఈ గోలంతా చెప్పకు.

నీ మేనకోడలు


జూన్ 17

పంతులమ్మకి మొద్దు శిష్యుడు రాసుకున్నది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది, రెండోసారి అర్థమయింది. నీకు కార్డు అమ్మినవాడి గుండె మీద చెయ్యి వేసింది వాడు కాబట్టి సరిపోయింది, నేనైతే ఇంకోలా వేసేవాణ్ణి.

ఇక్కడ మాత్రం ఏం సుఖం ఉంది. మొన్న ఒకాయన టీవీ తెచ్చాడు, బొమ్మ ఊగుతోందని. మూత తీస్తే బొద్దింకలు. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, అంతా కాపురం పెట్టేసి ఉన్నాయి. దులుపుతుంటే ఒకటి నా జేబులోకి దూరింది. ఆయన చూసి "మా ఇంట్లో అసలు బొద్దింకలే లేవండీ" అన్నాడు. నిజమే, అన్నీ టీవీలో ఉంటే ఇంట్లో ఎందుకుంటాయి. ఆ రోజు అన్నం సయించలేదు. మీ అత్తయ్య నా చొక్కాని కర్రతో పట్టుకుని బయట పడేసింది.

నీ లినక్స్ వాళ్ల సంగతి నాకు అంతు చిక్కలేదు. ఊరికే ఇచ్చారంటావు. ఊరికే ఇచ్చేవాడికి షాపుండదు. షాపు లేకపోతే చెడిపోయిన రోజున ఎవడి కాలరు పట్టుకోవాలి? ఒకసారి వాళ్ల సర్వీసు సెంటరు ఎక్కడుందో కనుక్కో, నేనే వెళ్లి మాట్లాడతాను.

బజారుకి వెళ్లాను. కార్డులు రెండు ఉన్నాయి. ఒకటి బరువుగా ఉంది, రేకు దళసరి. రెండోది అప్పడంలా తేలిగ్గా ఉంది. ముప్ఫై ఏళ్లుగా ట్యూనర్లు పట్టుకుంటున్న చెయ్యి చెబుతోంది, బరువున్నదే మంచిదని.

నంబరు రాయమన్నావు. అది మాత్రం నాకు ఇష్టం లేదు. మన వీధిలో ఉత్తరాలిచ్చేది, తీసుకునేది ఎదురు షాపులోనే. వాడూ టీవీ మెకానిక్కేనని నీకు తెలుసు. కవరు దీపానికి పెట్టి చదవడని నమ్మకమేంటి? నంబరంటే మెకానిక్కి గుట్టు లాంటిది. గుట్టు పోయాక షాపుకి షట్టరు మిగులుతుంది, అంతే.

ఏది కొనమంటావో చెప్పు.

మామయ్య


జూన్ 24

మామయ్యకు,

బరువును బట్టి కొనడానికి అది వంకాయలు కాదు మామయ్యా. తూకం నీకు మంచిచెడ్డలు చెబుతుందేమో గానీ నా కంప్యూటర్‌కి చెప్పదు. నంబరు లేకుండా నేను ఏదీ కొనమనలేను.

ఆ గుట్టు మాట హాస్యానికి రాశావనుకుంటాను. ఇక్కడి పద్ధతి దానికి తలకిందులు. లినక్స్‌కి సర్వీసు సెంటరు లేదు, ఉన్నదల్లా ఉత్తరాల జాబితా. కంప్యూటర్లోనే రాసుకుంటారు, అందరి ఉత్తరాలూ అందరూ చదువుతారు. ఒక్కో కార్డుకి ఒక్కో పేజీ. లోపల ఏ చిప్పుంది, రేకు డబ్బా ఏది, ఎవరు పెట్టి చూశారు, పనిచేసిందా లేదా, అన్నీ అందులో రాస్తారు. ఎవరో మొహం తెలియని మనిషి నలభైసార్లు విఫలమయ్యి, నలభై ఒకటోసారి బొమ్మ వచ్చాక, తన తర్వాతివాళ్లు ఆ నలభైసార్లూ పడకూడదని పేజీ నిండా రాసిపెట్టాడు. ఆ పేజీని కాగితం మీద దించుకుని గోడకు అంటించాను.

అందరూ అలాంటివాళ్లేనని అనుకోకు. నేను అడిగిన ప్రశ్నకు ఒకడు "ముందు చదువుకుని రా" అని జవాబిచ్చాడు. నన్ను. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఇంకొకడు, చెవిటి పిల్లలకు టీవీ ఎందుకన్నాడు. ఆ రెండు జవాబులు చదివాక ఆ రోజంతా నోట్లో ఏదో చేదు మిగిలిపోయింది.

ఆ రెండు కార్డుల మీదా ఉన్న చీటీలు చూసి నంబర్లు రాయి. ఇంకా ఆరు వారాలే ఉంది. మా పదో తరగతి పిల్లలు రోజూ కంప్యూటర్ గది కిటికీ దగ్గర నిలబడి, చేతులతో "వచ్చిందా?" అని అడుగుతున్నారు. కళ్లజోడు పిల్ల ఒకతె ఉంది, అందరికంటే చురుకు. తను అడగడం కూడా మానేసింది, కనుబొమ్మ ఎగరేసి ఊరుకుంటోంది. అది భరించడం ఇంకా కష్టం.

నీ మేనకోడలు


జూలై 2

పంతులమ్మకి,

ఆ రెండు కార్డులూ గంగలో కలిశాయనుకో. బరువుందన్నానే, దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూశాను. ఎలుకలు దాని మీద చేయకూడని పనులన్నీ చేశాయి. బరువు దానిదేనేమో. రెండోదానికి కాళ్లన్నీ తుప్పు. అమ్మేవాడు "కొంచెం గోకితే పోతుంది సార్" అన్నాడు. వాడి గోళ్లు చూస్తే గోకడంలో అనుభవం ఉన్నవాడే అనిపించింది. ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

కానీ కడుపు చల్లని కబురు ఒకటి ఉంది. మన వీధి చివర కేబుల్ ఆయన లేడూ, లావుపాటాయన, అందర్నీ బావగారూ అంటాడు. ఇంటింటికీ డిష్షులు వచ్చాక ఆయన వ్యాపారం మూతపడింది. మొన్న గది ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్లాను. ఆయన దగ్గర ఒక కంప్యూటరు ఉండేది. నాలుగేళ్లు దాంట్లోంచే ప్రకటనలు వేశాడు. దానికి ఇలాంటి కార్డే ఉంది. "స్విచ్చి వేయగానే తెర మీద ఏ బొమ్మ వచ్చేది బావా?" అని అడిగాను. "నల్లకోటు వేసుకున్న పక్షి, పెంగ్వినో ఏదో" అన్నాడు. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు నీ పుస్తకం అట్ట మీద చూసిన పక్షే కదా అది. లినక్సే కదా.

చెవిటి పిల్లల బడికి అన్నాను. ఆ మాట పూర్తి కాకముందే కార్డు ఊడబెరికి నా చేతిలో పెట్టేశాడు.

బల్ల మీద పెట్టి ట్యూనరు మూత తీసి చూశాను. ఒక కాలికి టంకం వదిలేసి ఉంది. వేశాను. మూత మళ్లీ నాలుగు మూలలా బిగించాను. చక్కగా ముస్తాబు చేసి ఈ ఉత్తరంతో పాటే బస్సు పార్సిల్లో వేస్తున్నా. పార్సిల్ కట్టేది కూడా ఎదురు షాపు వాడే, వాడి మొహం మీద ఆ నవ్వొకటి.

వస్తువే వస్తుంటే ఇంక నంబరు దేనికి? పెట్టుకో, పాఠాలు పట్టుకో.

మామయ్య


జూలై 8

మామయ్యకు,

కార్డు అందింది. నీ కష్టానికి ఏం రాసినా తక్కువే. కానీ ఒక ఘోరం జరిగింది, అది నీ కంట ఎలా పడలేదో నాకు అర్థం కావడం లేదు.

రేకు డబ్బా మీద చీటీ లేదు. పీకేశారు. చీటీ కింద రేకు మీద అచ్చు వేసి ఉండే అంకెలు కూడా లేవు. ఉప్పుకాగితంతో రుద్దేశారు. మూత తీశాను. లోపలి చిన్న ఐసీ మీద కూడా పేరు లేదు, పలక తుడిచినట్టు నున్నగా ఉంది. పక్కన క్రిస్టల్ ఉంటుందే, గోరంత, దాని నెత్తి మీది అంకెలు కూడా వదల్లేదు.

ఇది ఆ కేబుల్ ఆయన పనే అయ్యుండాలి. తన వ్యాపారం రహస్యం ఇంకొకరికి తెలియకూడదని చేసి ఉంటాడు. మామయ్యా, నేను చాలామంది తిక్కవాళ్లను చూశాను గానీ ఇలాంటి మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. పని మాత్రం ఎంత పొందిగ్గా చేశాడో. ఒక్క గీత అడ్డంగా లేదు. అంతా గుండ్రంగా, ఓపిగ్గా, చివర థిన్నరుతో తుడిచి మరీ. అదే నాకు ఎక్కువ రోత. కోపంలో పగలగొట్టినవాణ్ణి క్షమించవచ్చు. కూర్చుని, వెలుతురు చూసుకుని, తన తర్వాత వచ్చే మనిషికి ఏమీ తెలియకుండా పోవాలని ఇంత శ్రద్ధగా చెరిపేవాడు ఎంత నీచుడై ఉండాలి. వాడి దగ్గర ఏదీ తీసుకోకు. వాడి గుమ్మం తొక్కకు.

ఇప్పుడు నా పని ఏమిటంటే, లినక్స్‌లో ఈ ఒక్క ఐసీతోనే నూట ముప్ఫై రకాల కార్డుల పేర్లున్నాయి, డెబ్బై రకాల ట్యూనర్ల పేర్లున్నాయి. ఒక్కో జత చెప్పి చూడాలి. ఒకదానికి ఇసక రాలినట్టు చుక్కలు. ఒకదానికి యంత్రమే బిగుసుకుపోయి మళ్లీ మొదటి నుంచి. బడి వదిలాక గేటు మూసేదాకా గంటన్నర టైము. నిన్న తొంభై జతలు చూశాను. లెక్క వేస్తే తొమ్మిది వేలు దాటతాయి.

నీ మేనకోడలు


జూలై 15

అమ్మాయికి,

ఉత్తరం అందింది. కేబుల్ ఆయన్ని ఏమీ అనకు. మంచివాడు. ఎవరు చేశారో ఏమో, పాత వస్తువు, పది చేతులు మారి ఉంటుంది.

మెకానిక్కులకు కొన్ని అలవాట్లు ఉంటాయి. చదువుకున్నదానివి, నీకు తప్పుగానే కనిపిస్తాయి. కాదనను.

ఆ కార్డు తిరిగి పంపెయ్యి. నేనేదో చూస్తాను. లేకపోతే ఇంకొకటి వెతుకుతాను. దాని కోసం కళ్లు పాడుచేసుకోకు.

పని ఒత్తిడిగా ఉంది. ఇంతే.

మామయ్య


జూలై 20

మామయ్యకు,

నీ ఉత్తరం ఇంత చిన్నది ఎప్పుడూ లేదు. నాకు నచ్చలేదు కూడా. ఇంత తప్పు చేసినవాణ్ణి మంచివాడని ఎలా వెనకేసుకొస్తావు? ఇద్దరూ కూర్చుని టీ తాగుతారని నాకు తెలుసు. స్నేహం ఉంటే ఉండనీ, నా పన్నెండు మంది పిల్లలకంటే అది ఎక్కువా?

కార్డు తిరిగి పంపను. వెళ్లి రావడానికే పది రోజులు. ఆగస్టు నాలుగున మొదటి పాఠం.

నువ్వు అడగవని తెలిసింది కాబట్టి నేనే రెండు పనులు చేశాను. జాబితాలో మీ ఊరి పేరు, ఆ కేబుల్ సంస్థ పేరు రాసి, అక్కడి సరుకు కొనకండి, అంకెలు చెరిపి ఇస్తారు అని పెట్టాను. ముప్ఫై మంది జవాబిచ్చారు, కొందరైతే ఆయన ఫోను నంబరు కూడా పట్టుకున్నారు. రెండోది, కార్డు వెనక ఆయన చిరునామా చీటీ ఉంది, దానికి నేరుగా ఉత్తరం రాశాను. నీకు రాసినట్టే రాశాను, ఏ మాటా తగ్గించలేదు.

ఇప్పటికి పదకొండు వందల జతలు చూశాను. ఒకసారి లీలగా మనిషి ఆకారం ఒకటి కదిలింది. కిటికీ దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగు సెకన్లలో పోయింది. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూశారు. వెళ్తూ వెళ్తూ, "పాఠాల ముందటి శుక్రవారం దాకా చూద్దాం, తర్వాత పిల్లలకు నేనే చెబుతాలే" అన్నారు. అంటే ఆగస్టు ఒకటి. నేను చెప్పాల్సింది ఆవిడ చెబుతానంటున్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నీ మేనకోడలు


జూలై 26

అమ్మడికి మామయ్య రాయునది.

ముందు నంబరు రాస్తున్నాను, మిగిలింది చదివినా చదవకపోయినా ఇది చూసుకో. రేకు డబ్బా మీద ఉన్నది 6148, దాని తర్వాత గీత, తర్వాత M3. లోపలి చిన్న ఐసీ 5202. క్రిస్టల్ మీద 28.6. కార్డు వెనక మూల సన్నగా 40-C అని ఉండేది. నాలుగూ నా నోటు పుస్తకంలో ఉన్నాయి. అందులోకి ఎక్కించాకే చెరిపాను.

అవును. నేనే.

నిన్న కేబుల్ ఆయన వచ్చాడు. చేతిలో నీ ఉత్తరం. బల్ల ఎదురుగా కూర్చుని చదివి వినిపించాడు. "నీచుడు అంటే ఏంటో నాకు తెలుసు బావా, నేనేం చేశానో తెలియడం లేదు" అన్నాడు. నాలుగు రోజులుగా ఎవరెవరో ఫోన్లు చేసి తిడుతున్నారట. ఆయన భార్య ఫోను తీయడానికే భయపడుతోందట. "మీ మేనకోడలికి నా మీద ఎందుకు బావా ఇంత కోపం, పిల్లల బడి అంటేనే కదా ఇచ్చాను" అన్నాడు. టీ చెప్పాను. చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు. అప్పుడు ఉప్పుకాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, లేచి వెళ్లిపోయాడు. బావా అనలేదు.

ఎందుకు చేశావని అడుగుతావు. నీకోసం వచ్చిన వస్తువు మీద గుట్టేంటని అడుగుతావు. పార్సిల్ ఎదురు షాపు మీదుగా పోవాలి కదా, వాడు విప్పి చూస్తాడేమో అనుకున్నాను. అది కూడా తర్వాత వెతుక్కున్న సాకే. నిజం చెప్పాలంటే అనుకోను కూడా లేదు. టంకం వేశాక చెయ్యి దానంతట అదే ఉప్పుకాగితం మీదికి పోయింది. నా బల్ల మీంచి ఏ వస్తువూ పేరుతో వెళ్లదు. ఎదురు షాపు వాడు వచ్చిన కొత్తలో నేను మార్చిన ఐసీ చూసుకుని, అదే తెచ్చి, నా ఖాతాదార్లని పట్టుకుపోయాడు. ఆ రోజు మొదలుపెట్టాను. పందొమ్మిదేళ్లు.

కార్డుతో పాటు వేసిన ఉత్తరంలోనే చెప్పాల్సింది. నువ్వు నీచుడు అని రాశాక చెప్పలేకపోయాను. పనితనం బాగుందని కూడా రాశావు. ఆ ముక్క దగ్గర ఆగి ఒక్క క్షణం సంతోషపడ్డాను చూడు, అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకొకటి ఉంది. ఇదీ చెప్పకపోతే సగం చెప్పినట్టే. గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా గీత పడకూడదు అన్నావే, అది నీకు తెలియడం నాకు వింతగా అనిపించలేదు. నీకు గుర్తుండదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి తిన్నగా షాపుకొచ్చేదానివి. ఇంగ్లీషు అక్షరాలు నీకొచ్చు, నాకు రావు. ఐసీ మీది అక్షరాలు నువ్వు పైకి చదివేదానివి, నేను పుస్తకంలో బొమ్మలు గీసినట్టు గీసుకునేవాణ్ణి. అలా నాకు చదువు చెప్పావు. అది అయ్యాక నీ చేతికి ఉప్పుకాగితం ఇచ్చేవాణ్ణి, "శుభ్రం చెయ్యమ్మా, మెరవాలి" అని. నువ్వు నాలిక బయటపెట్టి మెరిసేదాకా రుద్దేదానివి. అది శుభ్రం కాదు. నీకు అబద్ధం చెప్పాను.

నా మీద ఎంత రోత పుట్టినా ఫర్వాలేదు. కేబుల్ ఆయన మీద పడ్డది మాత్రం తుడిచెయ్యి.

మామయ్య

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. బస్సు డ్రైవరు చేతికిచ్చాను, రేపటికల్లా నీకు చేరాలని.


ఆగస్టు 6

మామయ్యకు,

నీ మీద కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. అలా అయితే ఈ ఏడాది ఉత్తరం ఉండదనిపించి ఇప్పుడే రాస్తున్నాను.

నీ ఉత్తరం నువ్వు పంపిన మర్నాడే, ఆదివారం అందింది. సోమవారం బడి వదిలాక నువ్వు రాసిన అంకెలు ఇచ్చాను. జాబితాలో వెతికితే వంద మీద పదిహేడో కార్డు, ముప్ఫై ఎనిమిదో ట్యూనరు. నా లెక్కన ఆ జత దగ్గరికి వచ్చేసరికి డిసెంబరు అయ్యేది. మీట నొక్కాను. ఒక మనిషి కూరగాయల ధరలు చెబుతున్నాడు. మొహం మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. నేను కుర్చీలో కూర్చుని ధరలన్నీ అయ్యేదాకా చూశాను. శుక్రవారం హెడ్మిస్ట్రెస్ గారిని పిలిచి చూపించాను.

అయితే బొమ్మ వచ్చింది గానీ ధ్వని రాలేదు. ఆవిడకు దాచకుండా చెప్పాను, ధ్వని లేదండీ అని. ఆవిడ గదిలో అటూ ఇటూ చూసి, "ఎవరికి?" అన్నారు.

మాటలు రాయడానికి మాత్రం నాకు ధ్వని కావాలి కదా. పాఠం వచ్చే వేళకి స్టాఫ్‌రూమ్ టీవీ ముందు నేనూ, లెక్కల టీచరూ కూర్చుని, ఆయన ఒక వాక్యం నేను ఒక వాక్యంగా రాసుకున్నాం. అక్కడ కంప్యూటరు రికార్డు చేసుకుంది. ఆ మాటలు బొమ్మ కింద పెట్టి నిన్న పిల్లలకు వేశాం. పన్నెండు మందీ కదలకుండా చదివారు. అయిపోయాక కళ్లజోడు పిల్ల లేచి చేతులతో ఏమందో తెలుసా? "ఈయన ఇన్నాళ్లూ బోర్డు వైపు తిరిగి చెప్పింది ఇదేనా? ఇంతేనా?" అంది. మొహం ఎంత చేదుగా పెట్టిందో. ఏదో మహా రహస్యం తమ నుంచి దాస్తున్నారనుకుందట. చూస్తే ఆమ్లం, క్షారం. మిగతావాళ్లంతా నవ్వారు. గురువారం పాఠానికి ముందు వరస కోసం ఇప్పుడే తగువులాడుకుంటున్నారు.

ఇక నీ సంగతి. ఉత్తరం చదివాక నా చేతులు చూసుకున్నాను. ఒక మనిషిని నీచుడని రాసిన చెయ్యీ, ఆ ఐసీలు రుద్దిన చెయ్యీ ఒకటే. మెరిసేదాకా రుద్దితే నువ్వు మెచ్చుకునేవాడివి, అది మాత్రం నాకు గుర్తుంది. ఇంతకాలం అది నాకున్న మంచి జ్ఞాపకాల్లో ఒకటి. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నిన్ను ఏమీ అననని మాత్రం అనుకోకు. అంటాను. దసరా సెలవులు ఎప్పుడో అని కాదు, వచ్చే నెల రెండో శనివారమే వస్తాను, ఎదురుగా కూర్చుని అంటాను.

జాబితాలో దిద్దుబాటు పెట్టాను. కేబుల్ ఆయన తప్పేమీ లేదు, ఆయన ఉచితంగా ఇచ్చారు, అంకెలు చెరిపింది మా ఇంట్లోవాళ్లమే అని రాశాను. మొదట తిట్టిన ముప్ఫై మందిలో చూసింది ముగ్గురే. తిట్టు పాకినంత తొందరగా దిద్దుబాటు పాకదు, అది నేను చేసిన పాపం. ఆయనకు విడిగా క్షమాపణ రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా న్యాయమే. ఈ కార్డుకి ఒక పేజీ కూడా తెరిచాను. నువ్వు చెప్పిన నాలుగు అంకెలూ అందులో పెట్టాను. ఇక అవి ఎవరి గుట్టూ కాదు.

ఒక పని ఉంది. ధ్వని రాకపోవడానికి కార్డు మీద చిన్న ఎనిమిది కాళ్ల ఐసీ ఒకటి కాలిపోయిందని తేలింది. తొందరలో దాన్ని మరిచిపోయినట్టున్నావు, నంబరు అలాగే ఉంది. ఇక్కడ ఏ షాపులోనూ దొరకలేదు. మీ ఎదురు షాపాయన దగ్గర పాత ఐసీల డబ్బా ఉంటుందని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ నంబరు ఈ ఉత్తరంలో రాయలేదు. కవరు మీద, నీ చిరునామా కింద, పెద్ద అక్షరాలతో రాశాను. నీ చేతికి వచ్చేలోపు ఆయన ఎలాగూ చదివే ఉంటాడు.

వీధి దాటి వెళ్లి అడుగు.

నీ మేనకోడలు